చిన్న కారుకి డీజిలా, పెట్రోలా? మీ లెక్క మీరే వేసుకోండి

"నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాను, డీజిల్ తీసుకోవచ్చా?" కార్ల గురించి నన్ను అడిగేవాళ్లలో సగం మంది అడిగేది ఇదే. నేను తిరిగి అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే: ఆ వెయ్యీ ఎలా తిరుగుతారు?

ఇద్దరు మనుషుల్ని తీసుకోండి. ఒకరు నెలలో నాలుగుసార్లు హైవే ఎక్కి, ఒక్కోసారి 250 కిలోమీటర్లు పోయి వస్తారు. ఇంకొకరు పిల్లల్ని దించడానికి, ఆఫీసుకి, సరుకులకి అంటూ రోజుకి ఆరేడుసార్లు బండి తీస్తారు, తీసిన ప్రతిసారీ ఓ 5 కిలోమీటర్లు. నెలాఖరుకి ఇద్దరి మీటర్లూ వెయ్యే చూపిస్తాయి. మొదటి మనిషి దగ్గర డీజిల్ కారు హాయిగా నడుస్తుంది. రెండో మనిషి దగ్గర అదే కారు ఏడాది తిరక్కుండానే వర్క్‌షాపు బాట పట్టే అవకాశం ఎక్కువ.

అందుకే "ఏడాదికి ఇన్ని వేలు దాటితే డీజిల్" అనే సూత్రాన్ని నేను నమ్మను. ముందు ప్రయాణాల పొడవు చూడాలి, తర్వాత డబ్బు లెక్క వేయాలి. ఈ వరుస తిరగబడితే లెక్క ఎంత బాగా వేసినా తప్పే వస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక చిన్న నోట్‌బుక్, లేదా ఫోన్‌లో నోట్స్. రెండు వారాల ఓపిక.
- మీరు అనుకుంటున్న కారు పెట్రోల్, డీజిల్ మోడళ్ల పూర్తి ధరలు. పన్నులు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి చేతికొచ్చే ధర కావాలి. రెండిట్లోనూ ఫీచర్లు ఒకేలా ఉన్న వేరియంట్లే తీసుకోండి.
- ఈరోజు బంకులో రెండు ఇంధనాల ధర.
- రెండు కార్ల సర్వీస్ షెడ్యూలు, 60,000 కి.మీ. వరకు ఒక్కో సర్వీసుకి అయ్యే ఖర్చు. షోరూమ్‌లో అడిగితే కాగితం మీద రాసిస్తారు. ఇవ్వకపోతే మళ్లీ అడగండి, మొహమాటపడొద్దు.
- ఈ కారు ఎన్నేళ్లు ఉంచుకుంటారో నిజాయితీగా ఒక అంకె.

1. రెండు వారాలు ప్రయాణాలు రాయండి

ఇప్పుడు ఏ బండి నడుపుతున్నా ఫర్వాలేదు, బండి లేకపోతే ఆటోలో, బస్సులో తిరిగినవైనా రాయండి. ఒక్కో ప్రయాణానికి మూడే విషయాలు: ఎన్ని కిలోమీటర్లు, ఎంత సేపు, ఇంజిన్ చల్లగా ఉండగా మొదలుపెట్టారా లేక ఇందాకే ఆపిన బండా.

మూడోది చాలామంది వదిలేస్తారు. వదలకండి, అసలు విషయం అక్కడే ఉంది. పొద్దున ఆఫీసుకి 6 కి.మీ. వెళ్లి ఆపారు. సాయంత్రానికి ఇంజిన్ మళ్లీ చల్లారిపోయింది. అంటే రోజుకి రెండు చల్లటి స్టార్టులు, రెండుసార్లూ ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండానే ప్రయాణం అయిపోయింది. డ్యాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చింది కదా అనకండి. అది కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, వేడి మాత్రమే. ఇంజిన్ ఆయిల్ ఆ వేడికి రావడానికి ఇంకా టైము పడుతుంది. పైగా డీజిల్ ఇంజిన్ వేడిని తక్కువ వృథా చేస్తుంది కాబట్టి పెట్రోల్ ఇంజిన్ కంటే నెమ్మదిగా వేడెక్కుతుంది.

రెండు వారాలయ్యాక నోట్‌బుక్ తెరిచి ఇలా చూడండి:

- ప్రయాణాల్లో సగానికి పైగా 10 కి.మీ. లోపే ఉండి, వారంలో ఒక్కసారి కూడా అరగంట పాటు ఆగకుండా నడిపే రోడ్డు ఎక్కకపోతే: పెట్రోల్. మీరు మిగతా స్టెప్పులు చదవకపోయినా ఫర్వాలేదు, నేరుగా 5కి వెళ్లండి.
- రోజూ 25, 30 కి.మీ. దాటిన ప్రయాణాలు, అందులో కొంతైనా సాఫీగా సాగే రోడ్డు: డీజిల్ పనికొస్తుంది. ఇక డబ్బు లెక్క తేల్చాలి.
- మధ్యలో ఉన్నవాళ్లు, అంటే వారమంతా ఊళ్లో చిన్న ప్రయాణాలు, వారాంతంలో ఒక పొడుగు ప్రయాణం: డీజిల్ తట్టుకుంటుంది, కానీ ఆ వారాంతపు ప్రయాణం మానకూడదు. మానేస్తానేమో అని మీకే అనుమానంగా ఉంటే పెట్రోల్ వైపే మొగ్గండి.

హెచ్చరిక: పండగ నెలలో, పిల్లల సెలవుల్లో ఈ రెండు వారాలు పెట్టుకోకండి. మామూలు రోజులు కావాలి.

చిన్న ప్రయాణాలంటే డీజిల్‌కి ఎందుకంత ఇబ్బంది

థియరీ ఇంతే, ఇంతకంటే అక్కర్లేదు. ఇప్పటి డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. మసి బయటికి పోకుండా అందులో చిక్కుకుంటుంది. యూరప్‌లో 2009లో మొదలైన యూరో 5 కాలుష్య ప్రమాణాలతోనూ, భారత్‌లో 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్6 ప్రమాణాలతోనూ కొత్త డీజిల్ కార్లకి ఇది తప్పనిసరి అయినట్టే. ఫిల్టర్ నిండుతుంటే కారు దానంతట అదే ఆ మసిని కాల్చేసుకోవాలి. దానికి దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. హైవే మీద పొగ మార్గం ఎలాగూ వేడిగా ఉంటుంది, పని తేలిగ్గా అయిపోతుంది. ఊళ్లో తిరిగే బండిలో ఆ వేడి తెప్పించడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. అది పూర్తవడానికి పది, ఇరవై నిమిషాలు పడుతుంది. మీరేమో ఆలోపే ఇల్లు చేరి బండి ఆపేస్తారు. మళ్లీ మొదలు, మళ్లీ సగంలో ఆపడం. కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది.

ఇది నా మీదే జరిగింది. మొదటి డీజిల్ కారు కొన్నప్పుడు మా ఆఫీసు ఆరు కిలోమీటర్లు. మైలేజీ చూసి మురిసిపోయి కొన్నాను. ఎనిమిదో నెలలో డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. మెకానిక్ బానెట్ ఎత్తి ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. ఆయిల్ పై గీతకి ఇంకో వేలెడు పైకి ఉంది. "ఆయిల్ తగ్గాలిగానీ పెరుగుతుందా సార్?" అని దాన్ని నా ముక్కు దగ్గర పెట్టాడు. బంకులో నిలబడ్డట్టు డీజిల్ వాసన. ఆయిల్ పల్చబడి నీళ్లలా జారుతోంది. ఆ రోజు ఆయిల్ మార్పించి, ఫిల్టర్‌ని మెషీన్ పెట్టి కాల్పించేసరికి అప్పటిదాకా మిగుల్చుకున్న ఇంధనం ఖర్చంతా పోయింది.

పెట్రోల్ ఇంజిన్‌కి చిన్న ప్రయాణాలు మంచివని కాదు. దానికీ ఇష్టం ఉండదు, కానీ ఇంత పెద్ద శిక్ష వేయదు.

2. నిజమైన మైలేజీ పట్టుకోండి

బ్రోచర్‌లో ఉన్న అంకె ల్యాబ్‌లో రోలర్ల మీద వచ్చినది. యూరప్‌లో పాత ఎన్ఈడీసీ పరీక్ష అంకెలకీ రోడ్డు మీద అంకెలకీ తేడా బాగా పెరిగిపోవడంతోనే 2017 నుంచి డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్ష తెచ్చారు. అది కొంత నయం, అయినా మీ ట్రాఫిక్ దానికి తెలియదు.

మీకు కావాల్సింది మీలాగే తిరిగే వాళ్లకి వస్తున్న మైలేజీ. అదే మోడల్ నడుపుతున్న ఇద్దరు ముగ్గుర్ని అడగండి. అడిగేటప్పుడు "ఎంతిస్తోంది?" అనకండి, "ట్యాంకు నింపి కొలిచారా?" అనండి. చాలామంది డ్యాష్‌బోర్డు కంప్యూటర్ చూపించిన అంకె చెప్తారు, అది తరచూ అసలు కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. తాము ఎప్పుడో హైవే మీద చూసిన అత్యధిక మైలేజీని మామూలు మైలేజీగా చెప్పేవాళ్లు కూడా ఉంటారు, అది మానవ సహజం.

కొలిచే పద్ధతి ఇది. బంకులో నాజిల్ మొదటిసారి టక్‌మని ఆగేదాకా నింపించండి, ఆ తర్వాత ఒక్క చుక్క కూడా వేయించకండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. ట్యాంకు మూడొంతులు ఖాళీ అయ్యాక అదే బంకులో, కుదిరితే అదే పంపు దగ్గర, మళ్లీ మొదటి టక్ దాకా నింపించండి. నడిచిన కిలోమీటర్లని ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ. ఒక్క ట్యాంకుతో నమ్మేయకండి, మూడు ట్యాంకుల సగటు తీయండి.

ఎవరూ దొరక్కపోతే బ్రోచర్ అంకె మీద రెండు కార్లకీ ఒకే శాతం, ఉదాహరణకి 25, కోసేయండి. ఊళ్లోనే తిరిగేవాళ్లు ఇంకాస్త కోయండి. కచ్చితం కాదు, కానీ బ్రోచర్‌ని అలాగే నమ్మడం కంటే మేలు.

3. డబ్బుని లీటర్లలోకి మార్చండి

డబ్బు లెక్క వేసినప్పుడల్లా ఇంధనం ధర మారిపోతుంది, లెక్క పాతబడిపోతుంది. నేను వాడే చిట్కా ఏమిటంటే అన్నిటినీ పెట్రోల్ లీటర్లలోకి మార్చడం. అప్పుడు మీరు ఏ దేశంలో ఉన్నా, ఏ డబ్బు వాడుతున్నా లెక్క ఒకటే.

అ) డీజిల్ కారు ధరలోంచి పెట్రోల్ కారు ధర తీసేయండి. వచ్చినదాన్ని లీటరు పెట్రోల్ ధరతో భాగించండి. ఉదాహరణకి 1,200 వచ్చిందనుకుందాం. అంటే డీజిల్ కారు కొంటున్నప్పుడే మీరు 1,200 లీటర్ల పెట్రోల్ ముందుగా కొనేసినట్టు.

ఆ) లీటరు డీజిల్ ధరని లీటరు పెట్రోల్ ధరతో భాగించండి. 0.9 వచ్చిందనుకుందాం.

ఇ) వెయ్యి కిలోమీటర్లకి ఏ కారు ఎంత తాగుతుందో చూడండి. పెట్రోల్ కారు లీటరుకి 16 ఇస్తే వెయ్యికి 62.5 లీటర్లు. డీజిల్ కారు 21 ఇస్తే 47.6 లీటర్లు, దాన్ని 0.9తో గుణిస్తే 42.9 పెట్రోల్ లీటర్ల విలువ. మిగిలింది వెయ్యికి 19.6 లీటర్లు.

ఈ) 1,200ని 19.6తో భాగించి వెయ్యితో గుణించండి. సుమారు 61,000 కిలోమీటర్లు. అంతదూరం నడిస్తేగానీ మీరు ఎక్కువ పెట్టిన డబ్బు వెనక్కి రాదు. ఆ పైన నడిచిందే లాభం.

ఇప్పుడు సర్వీసు తేడా కలపండి. ఉదాహరణకి ప్రతి 10,000 కి.మీ.కి డీజిల్ సర్వీసు 30 లీటర్ల పెట్రోల్ విలువంత ఎక్కువైతే, 10,000 కి.మీ.కి మిగులు 196 నుంచి 166కి పడిపోతుంది. అంటే 61,000 కాస్తా 72,000 అయింది. కొన్ని మోడళ్లలో సర్వీసు ఖర్చు దాదాపు సమానంగానే ఉంటుంది, కాబట్టి ఊహించకండి, షోరూమ్ ఇచ్చిన కాగితం చూడండి. పెట్రోల్ కారుకి స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ కారుకి డీజిల్ ఫిల్టరు, యాడ్‌బ్లూ (పొగ శుద్ధికి పోసే ద్రవం) వాడే బండి అయితే అదీ కలపడం మర్చిపోవద్దు.

లోన్ మీద కొంటుంటే ఆ అదనపు ధర మీద కట్టే వడ్డీని కూడా లీటర్లలోకి మార్చి 1,200కి చేర్చండి. ఇది దాదాపు ఎవరూ చేయరు. ఈఎంఐలో కలిసిపోయింది కాబట్టి కనపడదు, అంతే.

అమ్మేటప్పుడు డీజిల్‌కి ఎక్కువ ధర వస్తుంది కదా అంటారు. కొన్నిచోట్ల వస్తుంది. ఐదేళ్ల పాత బండ్లు ఇప్పుడు రెండు రకాలూ ఎంతకి పోతున్నాయో చూసి, ఆ తేడాలో సగం మాత్రమే లీటర్లలోకి మార్చి 1,200లోంచి తీసేయండి. మిగతా సగాన్ని నేనెందుకు నమ్మనో 5లో చెప్తాను.

4. అదే లెక్కని ఇంకో రెండుసార్లు కుదపండి

ధరలు నిలకడగా ఉండవు. పన్నులు మారితే డీజిల్, పెట్రోల్ మధ్య తేడా చెరిగిపోవచ్చు, పెరగనూవచ్చు. అందుకని ఆ 0.9 బదులు 1 పెట్టి, 0.8 పెట్టి మళ్లీ చేయండి. సర్వీసు తేడా కలపకుండా పైన ఉదాహరణే తీసుకుంటే:

- డీజిల్ ధర పెట్రోల్‌తో సమానమైతే: సుమారు 80,600 కి.మీ.
- 0.9 ఉంటే: సుమారు 61,000 కి.మీ.
- 0.8కి పడితే: సుమారు 49,000 కి.మీ.

ఒక్క ఇంధనం ధరే 30,000 కిలోమీటర్ల తేడా తెచ్చింది చూశారా? ఇప్పుడు మీ నోట్‌బుక్‌లోంచి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో తీయండి. ఏడాదికి 8,000 తిరిగేవాళ్లకి 61,000 రావడానికి ఏడున్నరేళ్లు దాటుతుంది. 20,000 తిరిగేవాళ్లకి మూడేళ్లు చాలు.

నా గీత ఇదీ: కారు ఉంచుకునే కాలంలో సగం గడిచేలోపు ఖర్చు వెనక్కి రావాలి, అదీ ధరలు సమానమైన లెక్కలో. వస్తే డీజిల్ కళ్లు మూసుకుని కొనొచ్చు. మూడింట రెండొంతుల దగ్గర వస్తే, డీజిల్ నడక అంటే మీకు ఇష్టమైతేనే కొనండి, డబ్బు కోసం కాదు. అది కూడా దాటితే పెట్రోల్ తీసుకోండి. మిగిలిన కాలంలో డీజిల్ చిమ్మే ఇంజెక్టరో, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బోనో ఒక్కటి మొరాయిస్తే ఆ కాస్త లాభమూ ఊడ్చుకుపోతుంది.

5. మీ ఊరి నిబంధనలు చూడండి

ఇది చిన్న పనే, కానీ కొనకముందే చేయాలి. చాలా నగరాలు డీజిల్‌ని పెట్రోల్ కంటే గట్టిగా పట్టుకుంటున్నాయి. లండన్‌లో 2019లో మొదలైన యూలెజ్ అనే తక్కువ కాలుష్యపు జోన్‌లో రోజు రుసుము లేకుండా తిరగాలంటే పెట్రోల్ కారుకి సాధారణంగా యూరో 4 చాలు, డీజిల్‌కి యూరో 6 ఉండాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు నడపకూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది, ఆ తర్వాత కూడా దాని అమలు మీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి. ఇలాంటి నిబంధనలు కారు కొన్న తర్వాత కూడా మారతాయి. అందుకే పాత డీజిల్ ధర మీద నాకు సగమే నమ్మకం.

మీ రవాణా శాఖ సైట్‌లో రెండు విషయాలు వెతకండి: డీజిల్‌కి వేరే వయసు పరిమితి ఉందా, వేరే పన్ను ఉందా. రిజిస్ట్రేషన్ వేరే రాష్ట్రానికో ప్రాంతానికో మార్చుకునే ఉద్దేశం ఉంటే అక్కడివి కూడా చూడండి.

6. రెండూ ఒకే రోజు నడపండి

షోరూమ్ వాళ్లు చూపించే చక్కటి రోడ్డు మీద కాదు, మీరు రోజూ వెళ్లే దారిలో. ఏసీ వేసి, ఇంకో ఇద్దర్ని ఎక్కించుకుని.

డీజిల్ కారులో తక్కువ స్పీడు నుంచి లాగే బలం బాగుంటుంది. సాధారణంగా 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే ఆ బలం (టార్క్) పూర్తిగా వచ్చేస్తుంది, టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ అయితే దానికి 4,000 దాకా తిప్పాలి. ఎత్తు ఎక్కేటప్పుడు, బండి నిండా మనుషులున్నప్పుడు ఆ తేడా మీకే తెలుస్తుంది. అయితే టర్బో మేలుకునేలోపు, అంటే 1,500 కింద, కొన్ని చిన్న డీజిళ్లు నిద్రమత్తులో ఉంటాయి. జామైన ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కుతూ వదులుతూ ఆ మత్తుని భరించగలరేమో చూసుకోండి. క్లచ్ పెడల్ కూడా సాధారణంగా కాస్త గట్టిగా ఉంటుంది, మోకాలి నొప్పి ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. కిటికీ దించి గోడ పక్క నుంచి ఒకసారి పోనివ్వండి, శబ్దం ఎంతో తేలిపోతుంది.

ప్రత్యామ్నాయం: లాగే బలమే కావాలంటే చిన్న టర్బో పెట్రోల్ కూడా నడిపి చూడండి. తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది. కానీ కాలు నొక్కి నడిపితే మైలేజీ బాగా పడిపోతుంది. ఊళ్లోనే ఎక్కువ తిరిగేవాళ్లకి హైబ్రిడ్ పెట్రోల్ కూడా ఉంది. బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని బ్యాటరీలో దాస్తుంది కాబట్టి ట్రాఫిక్‌లోనే దానికి లాభం. వాటికి కూడా ఇదే లీటర్ల లెక్క సరిపోతుంది, డీజిల్ బదులు ఆ కారు అంకెలు పెట్టండి.

సెకండ్ హ్యాండ్ డీజిల్ చూస్తుంటే

ఇక్కడ మాత్రం తొందరపడకండి. వెళ్లేముందే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు" అని చెప్పండి. చేరగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారని అనుకోవచ్చు, లేదా నిజంగానే పక్క వీధికి వెళ్లొచ్చి ఉండొచ్చు. ఏదైనా సరే, ఇంకో రోజు రండి.

- డిప్‌స్టిక్ తీయండి. డీజిల్ కారు ఆయిల్ నల్లగా ఉండటం మామూలే, రంగు చూసి భయపడొద్దు. పై గీత దాటి ఉందా, డీజిల్ వాసన వస్తోందా అనేదే చూడాలి.
- ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ గొట్టం లోపల తెల్ల గుడ్డ పెట్టి తుడవండి. డీపీఎఫ్ ఉన్న బండి గొట్టం దాదాపు శుభ్రంగా ఉండాలి. గుడ్డకి నల్లటి మసి అంటుకుంటే ఫిల్టర్ పగిలి ఉండాలి, లేదా ఎవరో పీకేసి ఉండాలి. పీకేసిన బండి చాలాచోట్ల చట్టవిరుద్ధం, ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి.
- స్టార్ట్ చేసినప్పుడు ఒకటి రెండు సెకన్లు తెల్లటి పొగ వచ్చి ఆగిపోతే ఫర్వాలేదు. ఆగకుండా నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. యాక్సిలరేటర్ నొక్కితే దట్టంగా నల్ల పొగ వస్తే ఇంజెక్టరో, టర్బోనో, గాలి దారో చూపించుకోవాలి.
- సర్వీసు రికార్డులో ఏ ఆయిల్ పోశారో చూడండి. డీపీఎఫ్ బండికి బూడిద తక్కువ మిగిల్చే ప్రత్యేకమైన ఆయిల్ పోయాలి. మామూలు ఆయిల్ బూడిద ఫిల్టర్‌లో చేరితే అది కాలి పోయేది కాదు, అలాగే పేరుకుపోతుంది.
- ఐదేళ్ల బండికి మీటరు మీద 30,000 మాత్రమే ఉందని సంబరపడకండి. డీజిల్‌కి అది కాస్త అనుమానించాల్సిన అంకె. అంతా ఊళ్లో చిన్న ప్రయాణాలే అయ్యుండొచ్చు. హైవే మీద లక్ష తిరిగిన బండే దానికంటే ఆరోగ్యంగా ఉండొచ్చు.

జనం మళ్లీ మళ్లీ చేసే పొరపాట్లు

మైలేజీ తేడాని అంకెలుగానే చూడటం అన్నిటికంటే పెద్దది. లీటరుకి 12 ఇచ్చే కారు నుంచి 16కి మారితే వెయ్యి కిలోమీటర్లకి 20.8 లీటర్లు మిగులుతాయి. 20 నుంచి 24కి మారితే 8.3 లీటర్లే. రెండు చోట్లా తేడా "నాలుగే". చిన్న పెట్రోల్ కార్లు ఇప్పటికే మంచి మైలేజీ ఇస్తాయి కాబట్టి, పెద్ద కారులో లాభసాటిగా కనపడే డీజిల్ చిన్న కారులో అంతగా మిగల్చదు. కాలుష్య నియమాలు బిగిసేకొద్దీ ఫిల్టర్ల ఖర్చు చిన్న కారుకి మోయలేనంత అయింది. చాలా కంపెనీలు చిన్న డీజిళ్లని ఆపేయడానికి అదొక ముఖ్య కారణం.

టాప్ డీజిల్ మోడల్‌ని బేస్ పెట్రోల్‌తో, లేదా అటుది ఇటుగా పోల్చడం ఇంకో తప్పు. అల్లాయ్ వీల్స్, టచ్ స్క్రీన్ ధర కూడా డీజిల్ ఖాతాలో పడిపోతుంది.

"డీజిల్ కొంటే ఇక ఎక్కువ తిరుగుతాను" అనుకుని కొనేవాళ్లున్నారు. మీరు తిరిగేది మీ జీవితాన్ని బట్టి ఉంటుంది, ఇంజిన్ని బట్టి కాదు.

ఇక కొన్న తర్వాత జరిగేవి. పెట్రోల్ కారు నుంచి డీజిల్‌కి మారినవాళ్లు మొదటి నెలల్లో అలవాటుగా పెట్రోల్ పోయించేస్తారు. డీజిల్ కారు లోపల ఇంధనాన్ని నెట్టే పంపుకి ఆ డీజిలే జిడ్డు, పెట్రోల్ ఆ జిడ్డుని కడిగేస్తుంది, పంపులోంచి రాలిన లోహపు పొడి ఇంజెక్టర్ల దాకా పోతుంది. అలా జరిగిందని బంకులోనే తెలిస్తే స్టార్ట్ చేయకండి, తాళం కూడా ఆన్ చేయకండి. నెట్టించి పక్కన పెట్టి, ట్యాంకు ఖాళీ చేయించండి. స్టార్ట్ చేయకుండా ఆగితే ట్యాంకు కడిగే ఖర్చుతో బయటపడొచ్చు. యాడ్‌బ్లూని డీజిల్ ట్యాంకులో పోసినా అంతే, స్టార్ట్ చేయొద్దు. అది ఇంధనం కాదు, 32.5 శాతం యూరియా కలిపిన నీళ్లు.

బండి ఆపాక ఫ్యాన్ చాలాసేపు తిరుగుతుండటం, బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ వేగం (ఐడిలింగ్) మామూలు కంటే ఎక్కువగా ఉండటం, కాస్త కాలిన వాసన, ఇవి ఫిల్టర్ కాల్చుకుంటున్న గుర్తులు. ఇల్లు దగ్గరికొచ్చినా ఇంకో పది నిమిషాలు నడిపి వచ్చి ఆపండి.

ఇప్పటికే డీజిల్ ఉండి ఊళ్లోనే తిరుగుతున్నవాళ్లు వారానికోసారి ఇంజిన్ వేడెక్కాక 2,000 ఆర్‌పీఎం పైన, అరగంట సాఫీగా నడపండి. డీపీఎఫ్ పసుపు దీపం ఆరకుండా నిలకడగా వెలిగితే ఇదే చాలా బండ్లకి మందు. దీపం ఆరుతూ వెలుగుతున్నా, ఇంజిన్ దీపం కూడా కలిసి వెలిగినా నడిపి సరిచేయాలని చూడకండి. మీ మాన్యువల్ చూసి వర్క్‌షాపుకి తీసుకెళ్లండి.

లెక్క సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది

కారు వచ్చాక మొదటి వెయ్యి కిలోమీటర్లు వదిలేసి, తర్వాత ఐదు ట్యాంకులు 2లో చెప్పిన పద్ధతిలో రాయండి. మీరు లెక్కలో వేసుకున్న మైలేజీకి దీనికి 10 శాతం లోపు తేడా ఉంటే బాగున్నట్టే. అంతకంటే తక్కువ వస్తే ముందు టైర్ల గాలి చూసుకోండి, మెకానిక్ దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు.

మూడో నెల చివర మీటరు చూసి నాలుగుతో గుణించండి. మీరు అనుకున్న ఏడాది కిలోమీటర్లకి అది దగ్గరగా ఉందా? బాగా తగ్గితే ఈ స్టెప్పులు మళ్లీ చేయండి, కారు అమ్మేయడానికి కాదు, ఎన్నేళ్లు ఉంచుకోవాలో తేల్చుకోవడానికి.

డీజిల్ తీసుకున్నవాళ్లకి ఇంకొక్క పని. మొదటి నెలలోనే చదునైన చోట, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎక్కడుందో ఫోటో తీసి పెట్టుకోండి. నెలకోసారి అదే చోట అదే పద్ధతిలో తీసి పోల్చండి. గీత కిందికి దిగుతుంటే కొంచెం కొంచెంగా పోయించొచ్చు. పైకి ఎక్కుతుంటే సర్వీసు తేదీ కోసం ఎదురుచూడకుండా అప్పుడే ఆయిల్ మార్పించండి.